సిజేరియన్ బిడ్డ, డబ్బా పాలు, పేగు, మెదడు: ఆరో నెలలో అసలు చూసుకోవలసింది ఏమిటి?

మీ ప్రశ్న పూర్తిగా చదివానమ్మా. మిగతా తల్లులకు కూడా పనికొస్తుంది కాబట్టి క్లుప్తంగా మళ్లీ చెప్తాను. బాబుకి ఆరు నెలలు నిండబోతున్నాయి. సిజేరియన్ కాన్పు. మొదటి వారం పాలు సరిగా పడక డబ్బా పాలు పట్టారు. ఇప్పుడు ఎక్కువగా మీ పాలే, రాత్రి ఒక్కసారి డబ్బా పాలు. సిజేరియన్ వల్ల, డబ్బా పాల వల్ల పేగులోని మంచి బ్యాక్టీరియా పోయి మెదడు ఎదుగుదల కూడా తగ్గుతుందని ఎవరో వీడియోలో చెప్పారు. అప్పటి నుంచి మీకు నిద్ర పట్టడం లేదు. ఆ వీడియోలో చూపించిన ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే) చుక్కలు, డీహెచ్‌ఏ (చేపల్లో ఎక్కువగా ఉండే ఒక రకం కొవ్వు) పొడి కొనాలా? మీ అత్తగారు చెప్పినట్టు ఆవుపాలు, చోడి (రాగి) జావ మొదలుపెట్టాలా? ఇవీ మీ ప్రశ్నలు.

చంటిపిల్లల తిండి గురించి విశాఖలో తల్లులతో మాట్లాడటమే ఏళ్లుగా నా పని. అందుకని నేరుగా చెప్తాను. మీ బాబు పేగు పాడైపోలేదు. మెదడుకి జరగరానిదేమీ జరగలేదు. చుక్కలూ పొడీ కొనకండి. మీరు నిజంగా పట్టించుకోవలసిన సంగతి మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. అది ఐరన్. దానితోపాటు, రేపటి నుంచి గిన్నెలో పడే తిండి ఎంత చిక్కగా ఉంటుందన్నది.

ముందు సిజేరియన్ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వంద కాన్పుల్లో 42 సిజేరియన్లే. మీరొక్కరే కాదు. మామూలు కాన్పులో పుట్టిన బిడ్డకి తల్లి పేగుల్లోని బ్యాక్టీరియా కొంత ముందుగా అందుతుంది. సిజేరియన్ బిడ్డల్లో వాటిలో కొన్ని రకాలు ఆలస్యంగా చేరతాయి, ఆపరేషన్ సమయంలో తల్లికి ఇచ్చే యాంటీబయాటిక్స్ ప్రభావం కూడా కొంత ఉంటుంది. ఈ మాట వరకు వీడియోలో చెప్పింది నిజమే. కానీ ఆ తేడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తుంది. దాన్ని తగ్గించే పని మీరు ఇప్పటికే రోజూ చేస్తున్నారు, పాలివ్వడం ద్వారా.

ఇది కాస్త వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే తల్లులకు దీన్ని ఎవరూ చెప్పరు. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత అన్నిటికంటే ఎక్కువగా ఉండేవి ఒలిగోశాకరైడ్లు అనే ప్రత్యేకమైన చక్కెరలు. వీటిలో 200కు పైగా రకాలు ఇప్పటికి గుర్తించారు. బిడ్డ కడుపు వీటిని అరిగించుకోలేదు. అవి అలాగే పెద్దపేగు దాకా వెళ్లి అక్కడున్న బిఫిడోబ్యాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియాకి ఆహారమవుతాయి. అంటే తల్లి శరీరం బిడ్డతో పాటు బిడ్డ పేగులోని మేలు చేసే జీవులకు కూడా వండి పెడుతోందన్నమాట. అవి వీటిని తిని ఆమ్లాలు తయారుచేస్తాయి, పేగులో ఆ పులుపు వల్ల విరేచనాలు తెచ్చే క్రిములకు కాలూనడం కష్టమవుతుంది. మీరు రాత్రి ఒక్కసారి డబ్బా పాలు పట్టినంత మాత్రాన ఇదంతా ఆగిపోదు. పొడి పాలలో ఐరన్ కలిపే ఉంటుంది కాబట్టి ఆ సీసా గురించి అపరాధభావం అక్కర్లేదు. పట్టే తీరు మాత్రం శుభ్రంగా ఉండాలి. దాని గురించి కింద రాస్తాను.

ఇక పేగుకీ మెదడుకీ లింకు ఉందా అంటే, ఉంది. పేగు బ్యాక్టీరియా తయారుచేసే ఆమ్లాలు, రోగనిరోధక వ్యవస్థ, పేగు నుంచి మెదడుకి వెళ్లే వేగస్ నరం, ఇవన్నీ ఆ దారులే. 2004లో జపాన్ పరిశోధకులు ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలు ఒత్తిడికి మామూలు ఎలుకలకంటే ఎక్కువగా స్పందించాయని, బిఫిడో రకం ఒకటి ఇచ్చాక ఆ తేడా సర్దుకుందని చూపించారు. అక్కడి నుంచే ఈ రంగం ఊపందుకుంది. కానీ అవి ఎలుకలు. మనుషుల పిల్లల్లో దొరికినవి ఎక్కువగా ‘ఈ బ్యాక్టీరియా ఎక్కువున్న పిల్లలకి ఆ పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చాయి’ అనే తరహా సంబంధాలు. ఒకదాని వల్లే రెండోది వచ్చిందని వాటిని బట్టి చెప్పలేం. సీసా చుక్కలు వేస్తే తెలివి పెరుగుతుందని చెప్పడం అంతకంటే పెద్ద దూకుడు. నెలలు నిండి పుట్టి, బాగా పాలు తాగుతున్న బిడ్డకి ప్రోబయోటిక్ అవసరం లేదు. డీహెచ్‌ఏ కలిపిన పాలపొడి నెలలు నిండిన పిల్లలకు ఇచ్చి చేసిన పరీక్షలన్నీ కలిపి చూసినా మెదడుకి స్పష్టమైన లాభం కనపడలేదు. మన దేశంలో రెండేళ్లలోపు పిల్లల పాలపొడికీ శిశు ఆహారాలకీ ప్రకటనలు ఇవ్వడం 1992 చట్టం, 2003 సవరణల ప్రకారం నేరం. ఆ చట్టం ఊరికే రాలేదు.

ఇప్పుడు ఐరన్.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో పావు వంతు బరువుంటుంది. రెండేళ్లకి దాదాపు ముప్పావు దాటుతుంది. ఈ వయసులో బిడ్డ ఊరికే పడుకుని ఉన్నప్పుడు కూడా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సగానికి పైగా మెదడే తీసుకుంటుంది. ఈ పెరుగుదలలో ఐరన్ లేనిదే జరగని పనులు చాలా ఉన్నాయి: నరాల చుట్టూ మైలిన్ అనే పొర ఏర్పడటం, జ్ఞాపకానికి సంబంధించిన భాగం ఎదగటం, డోపమైన్ అనే మెదడు రసాయనం తయారీ.

బిడ్డ పుట్టేటప్పుడు తల్లి దగ్గర నుంచి ఐరన్ నిల్వ తెచ్చుకుంటాడు. అది సుమారుగా నాలుగు నుంచి ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలు అమృతమే, కానీ అందులో ఐరన్ లీటరుకు 0.3 మిల్లీగ్రాముల దగ్గరే. బిడ్డ అందులో సగం దాకా ఒంటపట్టించుకున్నా, ఆరో నెల తర్వాత రోజూ ఒంట్లోకి చేరాల్సిన 0.7 మిల్లీగ్రాములకు అది చాలా దూరం. ఇది మీ పాలలో లోపం కాదు. ఆరు నెలలు నిండాక వేరే తిండి అందుతుందన్న లెక్కతోనే ప్రకృతి ఆ ఏర్పాటు చేసింది. ఆ తిండి ఆలస్యమైనా, వచ్చినదాంట్లో సత్తువ లేకపోయినా నిల్వ ఖాళీ అవుతుంది. అదే 2019-21 జాతీయ సర్వేలో దేశం మొత్తం మీద ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వాళ్లలో చాలామంది నవ్వుతూ ఆడుకుంటూ ఉంటారు, బయటికి ఏమీ కనపడదు. అదే నన్ను భయపెట్టే విషయం.

కోస్టారికాలో బెట్సీ లోజాఫ్ అనే డాక్టరు చేసిన పని మా రంగంలో అందరికీ తెలిసినదే. ఏడాది, రెండేళ్ల మధ్య వయసులో తీవ్రంగా ఐరన్ లోపం ఉన్న పిల్లలకు మందిచ్చి రక్తం సరిచేశారు. తర్వాత వాళ్లను పంతొమ్మిదేళ్ల వయసు దాకా గమనించారు. రక్తం ఎప్పుడో మామూలైపోయినా, పరీక్షల్లో వాళ్లు తోటివారికంటే వెనకే ఉన్నారు. పేదింటి పిల్లల్లో ఆ తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగింది. లోటు వచ్చాక పూడ్చడం కంటే రాకుండా చూసుకోవడమే మేలని నేను ఇంత గట్టిగా అనడానికి కారణం ఇదే.

చేయవలసింది కష్టమేమీ కాదు. రక్తహీనత తగ్గించడానికి ప్రభుత్వం నడిపే అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో ఆరు నెలలు నిండిన ప్రతి బిడ్డకీ వారానికి రెండుసార్లు 1 మి.లీ. ఐరన్ సిరప్ ఉచితంగా ఇస్తారు. అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మీ వీధి ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎం గారినో అడగండి. పాలతో కలిపి పట్టకండి. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి, అది మామూలే. ఇంట్లో ఎవరికైనా తలసీమియా ఉన్నా, బాబు నెలలు నిండకుండా పుట్టినా ముందు పిల్లల డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి. ఇంకో మాట: ఆ సీసా బీరువాలో పెట్టి తాళం వేయండి. పెద్ద పిల్లలు తియ్యగా ఉందని సీసా మొత్తం తాగేస్తే అది విషమే.

మందు ఒక్కటే చాలదు, తిండిలోంచీ రావాలి. వంటింటి దగ్గరకి వద్దాం.

నా దగ్గరకి వచ్చే తల్లుల్లో ఎక్కువమంది తెచ్చే డబ్బా మూత తీస్తే లోపల ఒకటే కనిపిస్తుంది: నీళ్లలా కదిలే జావ. కొందరు పాలసీసా పీకకి కన్నం పెద్దది చేసి దాంతోనే పట్టేస్తారు. పొట్ట నిండుతుంది, బిడ్డ పడుకుంటాడు, తల్లికి తృప్తి. కానీ అందులో ఉన్నది ఎక్కువ భాగం నీరే. ఆరు, ఎనిమిది నెలల మధ్య తల్లిపాలు కాక తిండి ద్వారా రోజుకి దాదాపు 200 కేలరీలు అందాలి, ఏడాది దాటాక 550. బిడ్డ పొట్ట చిన్నది. అంత శక్తి నీళ్ల జావలో ఇరికించడం ఎవరివల్లా కాదు. చెంచాలో తీసి పక్కకి వంచి చూడండి. బొట్లు బొట్లుగా కారిపోతే అది పలచన. చెంచాని అంటిపెట్టుకుని ఉండి, మెల్లగా జారితే సరైన చిక్కదనం.

మీ అత్తగారు చెప్పిన చోడి జావ మంచిదే. చోళ్లలో ఉన్నంత కాల్షియం మరే ధాన్యంలోనూ లేదు, వంద గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే. చిక్కు ఏమిటంటే చోళ్లలో ఉండే ఫైటిక్ ఆమ్లం ఐరన్‌ని పట్టుకుని వదలదు. దానికి మన పెద్దవాళ్లే ఉపాయం కనిపెట్టారు. చోళ్లు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలు రానిచ్చి, నీడన ఆరబెట్టి, మొలకలు దులిపి దోరగా వేయించి పిండి పట్టించడం. మొలకెత్తితే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. మొలకల్లో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది కాబట్టి జావ గడ్డకట్టదు. మామూలు పిండి ఒక చెంచా వేస్తే వచ్చే చిక్కదనానికి ఈ పిండి ఎక్కువే పడుతుంది, అదే గిన్నెలో సత్తువ పెరుగుతుంది. అందుకని అత్తగారిని కాదనకండి. ‘చోడి మొలకల పిండి పట్టిద్దాం అత్తయ్యా’ అనండి.

రోజువారీకి ఉగ్గు కంటే మంచిది లేదు. రెండు వంతులు బియ్యం, ఒక వంతు పెసరపప్పు కడిగి ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా విడివిడిగా వేయించి రవ్వలా పట్టించండి. వండేటప్పుడు తోటకూరో, మునగాకో, గుమ్మడి ముక్కో వేసి మెత్తగా ఉడికించి, దించాక అర చెంచా నెయ్యి, నాలుగు చుక్కల నిమ్మరసం. నిమ్మరసం రుచి కోసం కాదు, ఆకుకూరలో పప్పులో ఉండే ఐరన్ ఒంటికి పట్టాలంటే విటమిన్ సి పక్కన ఉండాలి. తిన్నాక చిన్న బొప్పాయి ముక్కో, జామపండు గుజ్జో పెట్టినా అదే పని చేస్తుంది. ఏడాది దాకా ఉప్పు, పంచదార వద్దు.

మీరు చేపలు, గుడ్లు తింటామన్నారు కాబట్టి మీ పని ఇంకా సులువు. ఏడాది దాకా గుడ్డు పెట్టకూడదనే మాట పాతది. ఇప్పుడు ఆరు నెలలు నిండగానే బాగా ఉడికించిన గుడ్డు మెదిపి పెట్టవచ్చు, ముందు కొంచెంతో మొదలుపెట్టి. ఒక గుడ్డులో ఉండే కోలిన్ అనే పోషకం ఈ వయసు బిడ్డకి రోజంతటికీ కావలసినదానికి దాదాపు సమానం, అదీ మెదడుకి పనికొచ్చేదే. వారానికోసారి కోడి కార్జం (లివర్) చిన్న ముక్క ఉడికించి ఉగ్గులో మెదిపితే ఐరన్ విషయంలో దానికి సాటి లేదు. విటమిన్ ఏ చాలా ఎక్కువ కాబట్టి వారానికి ఒకసారి చాలు.

డీహెచ్‌ఏ పొడికి పెట్టే డబ్బుతో ఫిషింగ్ హార్బర్‌లో ఎన్ని కవళ్లు వస్తాయో ఆలోచించండి. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, ఈ చిన్న చేపల్లో డీహెచ్‌ఏ పుష్కలం, పాదరసం తక్కువ. మీరు వారానికి రెండు సార్లు తింటే అది మీ పాలలోకి వస్తుంది. బాబుకి పెట్టేటప్పుడు ఉడికిన ముక్కని రెండు వేళ్ల మధ్య నలిపి, ముల్లు తగలడం లేదని ఖాయం చేసుకున్నాకే పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నప్పుడు తాజా సముద్రపు చేప తక్కువగా దొరుకుతుంది. ఆ రెండు నెలలు గుడ్డు మీద ఆధారపడండి. ఎండుచేప మాత్రం బాబుకి వద్దు, ఉప్పు ఎక్కువ.

ఈ సందర్భంగా ఒకటి చెప్పాలి. బాలింతకి పాలు పడతాయని సొర చేప (షార్క్) పుట్టు చేసి పెట్టడం మన తీరంలో ప్రేమతో చేసే పని. ఆ ప్రేమని గౌరవిస్తాను. కానీ సొర పెద్ద చేప, చిన్న చేపలను తిని బతుకుతుంది. వాటిలోని పాదరసమంతా దాని కండలో పోగవుతుంది. పాదరసం పాలలోకి కొంత చేరుతుంది, అది ఎదిగే మెదడుకే చెరుపు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినకపోవడమే మంచిది. పాలు పడేది బిడ్డ ఎన్నిసార్లు చీకుతాడన్నదాన్ని బట్టి. అలాగే పథ్యం పేరుతో నెలల తరబడి వెల్లుల్లి కారం అన్నంతో సరిపెట్టుకోవడం మీకూ మంచిది కాదు, బాబుకీ మంచిది కాదు. అసలు మాంసాహారం ముట్టని ఇళ్లలో, పాలు పెరుగు కూడా అంతంతమాత్రంగా తీసుకునే తల్లికి బి12 తక్కువైతే పాల ద్వారా బిడ్డకీ తక్కువే అందుతుంది. నవ్వడం మానేయడం, మెడ నిలిపిన బిడ్డ మళ్లీ వాల్చేయడం, వేళ్ల కణుపులు నల్లబడటం లాంటివి కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరు దగ్గరకి వెళ్లాలి. సకాలంలో బి12 ఇస్తే ఆ పిల్లలు కోలుకోవడం నేను కళ్లారా చూశాను.

ఆవుపాల విషయంలో మాత్రం అత్తగారితో ఒప్పుకోలేను. ఏడాది నిండేదాకా తాగడానికి ఆవుపాలు, గేదెపాలు వద్దు. వాటిలో ఐరన్ దాదాపు లేదు, ఉన్నది ఒంటికి పట్టదు, పైగా కొందరు పిల్లల్లో పేగు నుంచి కంటికి కనపడనంత రక్తం పోతుంది. కొంచెం పెరుగు ఉగ్గులో కలిపితే తప్పు లేదు. ఏడాది దాటాక కూడా ఆవుపాలు, గేదెపాలు రోజుకి అర లీటరు మించనివ్వకండి. పాలతోనే పొట్ట నింపుకునే పిల్లలకు రక్తం తగ్గడం మేం తరచూ చూస్తాం. తేనె ఏడాది లోపు నాలుకకి రాయడం కూడా వద్దు, అందులో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిమి విత్తనాలు ఉండవచ్చు. మాటలు త్వరగా వస్తాయని వసకొమ్ము అరగదీసి నాకించడం కూడా మానేయండి, పసివాళ్లకు వాంతులు, మగత కలిగించగల పదార్థం అందులో ఉంది.

పేగు గురించి అంత భయపడ్డారు కాబట్టి, మనవాళ్లకి ధైర్యమిచ్చే పరిశోధన ఒకటి చెప్తాను. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని మీర్పూర్ మురికివాడలో, బరువు తక్కువున్న ఏడాది, ఏడాదిన్నర మధ్య పిల్లల మీద చేసిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. పేగు బ్యాక్టీరియాని సరిచేసేలా జెఫ్రీ గోర్డన్, తహ్మీద్ అహ్మద్ అనే పరిశోధకుల బృందం ఒక ఆహారం తయారుచేసింది. అందులో ప్రధానంగా ఉన్నవి ఏమిటో తెలుసా? శనగపిండి, వేరుశనగ పిండి, సోయా పిండి, పచ్చి అరటికాయ. మామూలుగా ఇచ్చే పోషకాహారం కంటే దీనిలో కేలరీలు తక్కువ. అయినా మూడు నెలల్లో పిల్లల బరువు దీంతోనే మెరుగ్గా పెరిగింది, ఎముకలకీ నరాల ఎదుగుదలకీ సంబంధించిన ప్రోటీన్లు రక్తంలో పెరిగాయి. ఆ నాలుగూ మన రైతు బజార్లో దొరికేవే. వేరుశనగ మాత్రం గింజగా ఎప్పుడూ ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడుతుంది. వేయించి మెత్తగా పొడి చేసి ఉగ్గులో కలపండి.

పేగుని నిజంగా పాడుచేసేది మళ్లీమళ్లీ వచ్చే విరేచనాలు. పేగు లోపలి పొర అరిగి, తిన్నది ఒంటికి పట్టదు. అందుకే సీసా కంటే ఉగ్గుగిన్నె, చెంచా మేలని చెప్తాను. పీకలో మురికి వదిలించడం కష్టం, గిన్నె రుద్ది కడిగితే చాలు. డబ్బా పాలు ప్రతిసారీ మరగకాచిన నీళ్లతో కలిపి అప్పటికప్పుడే పట్టండి, మిగిలినవి పారబోయండి. మన ఉక్కపోతకి గంటలోనే క్రిములు పెరిగిపోతాయి. రోటావైరస్ చుక్కలు మూడు డోసులూ పడ్డాయో లేదో కార్డు చూడండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్, 14 రోజులు జింకు, వీటితోపాటు పాలూ తిండీ ఆపకుండా. ప్రతి జలుబుకీ మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను, మీరు కాపాడుకోవాలనుకుంటున్న బ్యాక్టీరియానే అది చంపుతుంది.

తిండి ఎంత ముఖ్యమో, పెట్టే తీరు అంతే. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1980లలో ఎదుగుదల ఆగిన చిన్నపిల్లలను తీసుకుని కొందరికి పోషకాహారం, కొందరికి వారానికోసారి ఇంటికి వచ్చి తల్లితో ఆడించడం నేర్పే సాయం, కొందరికి రెండూ ఇచ్చారు. రెండూ అందిన పిల్లలు అందరికంటే బాగా కోలుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆటపాటల సాయం అందినవారి సంపాదన అందనివారికంటే 25 శాతం ఎక్కువ. కాబట్టి ఫోన్‌లో వీడియో పెట్టి నోరు తెరిచినప్పుడల్లా కుక్కడం మానేయండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్లలోకి చూస్తూ, చందమామ రావే అనో, వచ్చే కాకి గురించో మాట్లాడుతూ పెట్టండి. ముఖం తిప్పేస్తే ఆపేయండి. కొత్త రుచి ఉమ్మేస్తే నచ్చలేదని అనుకోకండి, చాలామంది పిల్లలకు అదే రుచి ఎనిమిది, పదిసార్లు ఎదురైతే గానీ అలవాటు కాదు.

మొదటి వారం రోజుకి రెండు పూటలు, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి. ఎనిమిదో నెల నిండేసరికి మూడు పూటలు, అరగిన్నె చొప్పున. మీ పాలు ఎప్పటిలాగే, రెండేళ్ల దాకా. విటమిన్ డి చుక్కలు రోజుకి 400 యూనిట్లు ఇప్పటిదాకా వేస్తూ ఉంటే ఏడాది వరకు ఆపకండి, వేయకపోతే ఈ వారమే డాక్టరుని అడగండి. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి బాలామృతం ఇస్తారు, అది గోధుమ, శనగ, పాలపొడితో చేసినదే కానీ పంచదార కలిసి ఉంటుంది కాబట్టి ఇంటి ఉగ్గు ప్రధానంగా ఉంచి దాన్ని ఒక పూటకి వాడండి. తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా టీకా, విటమిన్ ఏ డోసు వేయించడానికి వెళ్లినప్పుడు బరువుతో పాటు పొడవు కూడా కొలిపించి కార్డులో గీత గీయించండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయమని అడగండి. ఆ అంకెలు వచ్చాక ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.